గుడ్డ కప్పిన రాళ్లు

మాల్యాద్రి ఈ నడకను చెడగొట్టడానికే వచ్చాడు.

మార్కాపురంలో కొత్త లైబ్రరీ కట్టారు. దానికి పెట్టడానికి ఇద్దరు పాత ఎమ్మెల్యేల పేర్లు పోటీలో ఉన్నాయి. నాగభూషణం, కొండలరావు. ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఎవరి పేరో తేల్చాల్సింది రిటైర్డ్ హెడ్మాస్టర్ జోసెఫ్ గారు. ఊరి జనంతో కలిసి నడిచి, ఆ కాలం పనులు చూసి రాసుకుంటానన్నారు.

మాల్యాద్రి నాగభూషణం అభిమాన సంఘం అధ్యక్షుడు. ఏటా రెండుసార్లు పలకల దుకాణం మూసి మరీ ఆయన విగ్రహానికి దండ వేస్తాడు. దారి చూపిస్తున్న ఉమేమో కొండలరావు మనవరాలు. మాల్యాద్రికి ఒళ్లు మండడానికి అది చాలు.

ఎన్నికల కోడ్ వచ్చి శిలాఫలకాలన్నిటికీ తెల్లగుడ్డలు కట్టారు. నడకలో ఏ నాయకుడి పేరూ ఎత్తొద్దని అధికారులు చెప్పారు.

"ఈ నీళ్ల ట్యాంకు కోసం అప్పటి ఎమ్మెల్యే పదకొండు రోజులు హైదరాబాదులో తిరిగినారు," అంది ఉమ.

"తిరిగి ఏం ఊడబొడిచినాడు? కట్టిన ఏడాదికే కారింది. రాసుకోండి సార్!"

జోసెఫ్ గారు అతని వంక వింతగా చూశారు. రాసుకున్నారు.

ఆసుపత్రి దగ్గర ఉమ నోరు తెరవకముందే అందుకున్నాడు. "ఈడ డాక్టర్ల కంటే పడుకున్న కుక్కలే ఎక్కువ."

ఆడపిల్లల హైస్కూలు దగ్గర టిఫిన్ సెంటర్ లక్ష్మీనరసమ్మకు కోపమొచ్చింది. "నేను పదో తరగతి ఈడనే చదివినా."

"చదివి ఏం చేసినావక్కా? దోసెలు పోస్తున్నావు."

"నీ దుకాణం బోర్డు మీద తప్పులు పట్టడానికి ఆ చదువు చాల్లే నాయనా."

అందరూ నవ్వారు. మాల్యాద్రి మొహం కందిపోయింది.

"పనికొచ్చే పని ఒక్కటన్నా చేసినాడా ఆ మనిషి? అట్లాంటోడి పేరు లైబ్రరీకా? సిగ్గులేదా?"

"మామా, ఒక్క మాట..." అంది ఉమ.

"నువ్వు మాట్లాడొద్దు!"

జోసెఫ్ గారు నోట్‌బుక్కు ముందుకు చాపారు. "ఇదంతా నీ మాటగానే రాసుకోనా మాల్యాద్రీ? బాగా ఆలోచించుకో."

"ఆలోచించేదేంది సార్!" పెన్ను లాక్కుని సంతకం గీకాడు. విజయగర్వంతో ఉమ వైపు తిరిగాడు. "పో, మీ తాత పేరుకు ఇంకెక్కడన్నా చోటు వెతుక్కో పో."

ఉమ నీళ్ల సీసా మూత బిగించింది.

"మా తాత పనులు చూసేది రేపు మామా, ఈరోజు తిరిగినవన్నీ మీ నాగభూషణం గారు చేసినవే."