అయ్య ఎంచిన ఫిల్టరు

“అదొద్దు మావా. అది అరుపే తప్ప పరుగు తేదు,” అన్నాడు ఈశ్వర్, సూరయ్య చేతిలో ఉన్న ఎర్ర ఫిల్టరును చూసి.

శ్రీకాకుళంలో కార్లకు కొత్త సామాన్లు బిగించే షాపు ఈశ్వర్‌ది. బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. రెండూ కారు ఇంజనుకు గాలి అందించేవే. ఒకటి మూత ఉన్న నల్ల పెట్టె. దాని గొట్టం బండి ముందు నుంచి చల్లగాలిని తెచ్చి ఇంజనుకు ఇస్తుంది. చప్పుడు తక్కువ, బలం ఎక్కువ. రెండోది మూతా గీతా లేని ఎర్ర ఫిల్టరు. చూడ్డానికి మాత్రం మహా సోకుగా ఉంది.

“మీవోడిది టర్బో బండి. ఆ పైన ట్యూనింగ్ కూడా సేయించాడు. దానికి ఈ ఎర్రది పెడితే బానెట్ కింద ఉడుకు గాలే తాగుతాది. ఉన్న బలం కూడా పోతాది,” అని విడమరిచి చెప్పాడు ఈశ్వర్.

సూరయ్యకు ఆ మాత్రం తెలియక కాదు. జీవితమంతా సముద్రం మీద బోటు ఇంజనుతో కాపురం చేసినవాడు. గాలాడని చోట ఇంజను ఎలా ఈసురోమంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసే ఆ ఎర్రదాన్ని వదలడం లేదు.

ఆదివారం పొద్దున పందెం ఉంది. కొడుకు వెంకీకీ, ఎచ్చెర్లలో వాడితో చదివిన మోహనకృష్ణకీ ఒకే రకం కార్లు. ఎచ్చెర్ల నుంచి రణస్థలం దాకా హైవే మీద ఎవరు ముందు పోతారో చూసుకుందామని నలుగురిలో మాటా మాటా అనుకున్నారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి సూరయ్యకు అన్నం సయించడం లేదు. అతని తమ్ముడు కూర్మయ్య ఇలాగే పక్క బోటుతో పంతానికి పోయాడు. కెరటాల్లో బోటు తిరగబడింది. మనిషి ఒడ్డుకు రాలేదు.

పందెం వద్దని కొడుకుతో ఒకసారి అన్నాడు. వెంకీ తల దించుకుని, కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇంకా గట్టిగా అంటే పంతం ముదురుతుందని సూరయ్య నోరు కట్టేసుకున్నాడు.

అలాంటిది నిన్న ఆ కొడుకే, స్నేహితులందరూ వింటుండగా, “నాకు డ్యూటీ ఉన్నాది. ఫిల్టరు నువ్వే సూసి తే అయ్యా. నువ్వేది తెస్తే అదే బిగిస్తాను,” అన్నాడు.

సూరయ్య ఇంట్లో బోటుకు ఇంజనైనా, వలైనా ఎంచేది పెద్దవాడే. ఎంచాక ఆ వేట సీజను అయ్యేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ మర్యాదను కొడుకు కారు దగ్గర కూడా నిలబెట్టాడని మొదట ఛాతీ ఉప్పొంగింది. ఆ తర్వాతే, బండికి బలం లేకపోతే వాడే పందెం మానుకుంటాడన్న ఈ దొంగబుద్ధి పుట్టింది.

“ఇదే కట్టీ ఈశ్వరూ,” అన్నాడు సూరయ్య.

“సరే, నీ ఇష్టం. నువ్వేది సూపిస్తే అది ఇచ్చీమన్నాడు వెంకీ. ఎదురు సెప్పొద్దన్నాడు.”

ఆ మాట సూరయ్యకు ముల్లులా గుచ్చుకుంది. అంత నమ్మినవాడిని మోసం చేస్తున్నాడు తను. అయినా పొట్లం చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

ఇంటి దగ్గర భార్య కూర్మమ్మ పొట్లం విప్పి చూసింది.

“ఏటిది, ఇంత ఎర్రగున్నాది?”

“నీ కొడుకు పేణం,” అన్నాడు సూరయ్య. ఆవిడకు అర్థం కాలేదు. అతను చెప్పనూ లేదు.

శనివారం సాయంత్రం వాకిట్లోనే వెంకీ ఆ ఫిల్టరు బిగించాడు. చూడ్డానికి మోహనకృష్ణ, మిగతా స్నేహితులు వచ్చారు. యాక్సిలరేటర్ తొక్కగానే వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. కుర్రాళ్లు ఈలలు వేశారు. మోహనకృష్ణ మాత్రం ఆ బండి తీసుకుని రోడ్డు మీద కాసేపు తిరిగొచ్చి, దిగి పెదవి విరిచాడు.

“వేడెక్కితే బండి లాగట్లేదురా. రేపు ఓడిపోతావు. నా దగ్గర నల్ల పెట్టె ఇంకోటి ఉన్నాది. ఇది తీసీ, అది బిగించేద్దాం,” అన్నాడు.

అరుగు మీద సూరయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే స్తంభం పట్టుకున్నాడు.

“కుదర్దు. అయ్య ఎంచిన సామాను. సీజను అయ్యేదాకా మారిస్తే మా ఇంట్లో ఒప్పుకోరు,” అన్నాడు వెంకీ.

“బోటు సంగతి వేరు కదరా.”

“నాకు రెండూ ఒకటే. ఓడిపోతానని తెలిసీ నానెందుకు వస్తాను? పందెం వదిలీ.”

అందరూ సూరయ్య వైపు చూశారు. పెద్దాయన ఎదురుగా ఉంటే ఏమంటారు? చివరికి మోహనకృష్ణ బానెట్ మీద చిన్నగా తట్టి, “సరేలే,” అని మిగతావాళ్లను వెంటపెట్టుకుని వెళ్లిపోయాడు.

వాకిలి ఖాళీ అయింది. వెంకీ గుడ్డ తీసుకుని బండి తుడుస్తున్నాడు. కొడుకు దక్కాడన్న సంతోషం సూరయ్యకు ఎంతోసేపు నిలవలేదు. తన మాట మీద గౌరవంతో వీడు నలుగురిలో తలొంచుకున్నాడు. ఆ గౌరవానికి తను ఇచ్చింది మోసం. ఇంక దాచుకోలేక లేచి వెళ్లి కొడుకు పక్కన నిలబడ్డాడు.

“ఒరే వెంకీ, నీకో మాట సెప్పాలి. ఆ నల్లదే మంచిదని ఈశ్వర్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. నాకూ తెల్సు. నువ్వు ఆ పందేనికి పోకూడదనే, కావాలనే ఈ ఎర్రది తెచ్చాను. నీకు ద్రోహం సేసినాన్రా.”

వెంకీ తుడవడం ఆపలేదు. తలెత్తి తండ్రి మొహం కూడా చూడలేదు.

“అందుకే కదా అయ్యా, నిన్నంపాను.”