నీళ్ల మీద కాపలా

ఎక్కేముందు నాన్న లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాడో లేదో చూడటం మర్చిపోయింది ధరణి. కయాక్‌లో, ఆ ఇరుకు పడవలో, ఆయన ముందు, తను వెనక. ఇప్పుడు ఆ వీపు తప్ప ఏమీ కనిపించదు. ప్రాణం ఒకటే కొట్టుకుంటోంది.

ఐర్లండ్‌లో కట్టే ఇళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయిన ఏడు అది. నాన్న రఘువీర్ పనిచేసే కంపెనీ మూతపడింది. ఆ రోజు నుంచి మనిషి మాట్లాడటమే తగ్గించేశాడు. ధరణి ఆర్కిటెక్చర్ పాసై ఏడాదైనా ఉద్యోగం ఊసే లేదు. ఆస్పత్రిలో అమ్మ కాంట్రాక్టు కూడా పొడిగించలేదు గానీ, గిరిజాకుమారి గట్టి మనిషి. ఇంట్లో నవ్వే మొహం ఆవిడ ఒక్కదానిదే.

రాత్రి ఆవిడే ధరణిని పక్కకి పిలిచింది.

"రేపు మీ నాన్న ట్రౌట్ చేపలు పట్టడానికి సముద్రం మీదికి వెళ్తానంటున్నారే. ఆయన వాలకం నాకేం బాగాలేదు. ఒంటరిగా వదలకు. ఈ మాట ఆయనతో అనకు, తల ఎత్తుకోలేరు."

ధరణి అనలేదు. ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు నేరుగా మాట్లాడుకుంటేగా! ఫీజు కావాలన్నా, కోపం వచ్చిందన్నా, అంతా అమ్మ నోటి మీదుగానే. అదేం అలవాటో!

తెల్లారకముందే అమ్మ పులిహోర డబ్బాలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి ఇద్దరి తలా నిమిరింది. "తొందరేం లేదు, మధ్యాహ్నం దాకా ఉండి రండి" అంది.

ఐర్లండ్ పడమటి అంచున, స్లైగో తీరంలో గాలి చెవులు కోస్తోంది. నాన్న నాచు మీదుగా ఎర విసిరి, మెల్లిగా దారం చుడుతున్నాడు. గేలం బరువెక్కింది. మిలమిలలాడే ట్రౌట్! కొక్కెం తీసి, దాన్ని మళ్లీ నీళ్లలోనే వదిలేశాడు.

"అదేంటి నాన్నా! అంత మంచి చేప!"

"పోనీలేమ్మా. బతకనీ."

ఆయన నీళ్లవైపు వంగాడు. ధరణి ఒక్క ఉదుటున ఆయన జాకెట్ పట్టుకుని వెనక్కి లాగింది. కయాక్ ఊగిపోయింది.

"చెయ్యి కడుక్కుంటున్నానే! ఏమైంది నీకు?"

ఇక ఆగలేకపోయింది. ఏడుపొచ్చేసింది.

"నాన్నా, ప్లీజ్... నువ్వేం చేసుకోవద్దు. జాబ్ పోతే పోనీ. వీ'ల్ బీ గ్రాండ్, మనకేం కాదు."

రఘువీర్ అతికష్టం మీద వెనక్కి తిరిగాడు. బకిల్ పెట్టుకునే ఉన్నాడు.

"నేనా? నేనేం చేసుకుంటాను? ఈ చలిలో చేపలకి రావాలని నాకేం సరదా? నువ్వు రాత్రిళ్లు నిద్రపోవట్లేదనీ, ఏదైనా చేసుకుంటావేమోననీ, నీళ్ల మీద తిప్పుకు రమ్మనీ మీ అమ్మే పోరింది. నీతో అనొద్దని ఒట్టు కూడా వేయించుకుంది."

"నేను శుభ్రంగా పడుకుంటున్నాను నాన్నా. నాకూ అమ్మే చెప్పింది, నీ గురించి."

నాన్న అప్పటికే తెడ్డు అందుకుని కయాక్‌ని ఒడ్డువైపు తిప్పుతున్నాడు.

ఇద్దరినీ ఒకరికొకరిని కాపలా పెట్టి, మధ్యాహ్నం దాకా రావద్దని పంపించేసి, అమ్మ ఇప్పుడు ఇంట్లో ఒక్కతే ఉంది.