నలభై రెండో ఫొటో

పుండు పక్కన ప్లాస్టిక్ స్కేలు పెట్టి, వేదవతి ఫోనులో ఫొటో తీసింది. మూడున్నర సెంటీమీటర్లు.

"బాగా వచ్చిందేటి?" అన్నాడు ఆమె భర్త త్యాగరాజు, పెళ్ళిఫొటో సంగతి అడిగినట్టు.

బెంగాల్లో, లిలువా రైల్వే వర్క్‌షాపులో ఒక ఇనుప ముక్క ఆయన ఎడమ బూటులోకి దూరి, పాదంలో దిగి, రోజంతా అక్కడే ఉండిపోయింది. ఆయనకి తెలియనే లేదు. పద్దెనిమిదేళ్ళ షుగరు అరికాళ్ళలో స్పర్శ మిగల్చలేదు.

"సరస్వతీ పూజ దాకా చూస్తాను. అప్పటికీ మూసుకోకపోతే పాదం తీసేయాలి," అన్నాడు డాక్టరు.

పూజకి ఆరు వారాలుంది. అలాంటప్పుడు దొరికింది సమీర. వరంగల్ అమ్మాయి, న్యూ టౌన్‌లో పరిశోధన చేస్తోంది. పసుపు నుంచీ సరస్వతి ఆకు నుంచీ తీసిన సారంతో షుగరు పుళ్ళకి జెల్ తయారుచేసి, డాక్టర్ల అనుమతితో రోగుల మీద పరీక్షిస్తున్నారు.

"రోజూ ఒకటే టైముకు, స్కేలు పెట్టి పుండు ఫొటో పంపుండ్రి ఆంటీ. గంతే చాలు," అంది సమీర.

చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం వేదవతి అలవాటు. ఉదయం ఎనిమిది కొట్టగానే గ్లౌజులు వేసుకుని పుండు కడిగేది. బఠాణీ గింజంత జెల్, గాజుగుడ్డ, కట్టు. ఎడమపాదం నేలకి ఆనకూడదు కనుక ఆయన రెండో కాలి మీద గెంతుతూ బాత్రూముకి వెళ్ళేవాడు. తడి తగలకూడదని స్నానం మానేసి ఒళ్ళు తుడుచుకోవడమే. జనవరి చలికి రాత్రీ పగలూ తల నుంచి కాలి దాకా ఉన్నిలోనే ఉండేవాడు.

"అచ్చం ఇక్కడివాళ్ళలా మంకీ క్యాపు కూడా వచ్చేసింది. ఇక మీకు బెంగాలీ మాట ఒక్కటే తక్కువ," అనేది వేదవతి.

పద్నాలుగో ఫొటోకి పుండు మూడు సెంటీమీటర్లు. ఇరవై ఒకటో ఫొటోకి రెండే. అంచులు గులాబీ రంగుకి తిరిగాయి.

షుగరు మాత్రం దిగలేదు. పైగా పెరిగింది. సాయంత్రమయ్యేసరికి ఆయన జ్వరంతో వణుకుతూ దుప్పటి అడిగేవాడు.

"మిఠాయి తిన్నారు కదూ?"

"కుంటికాలితో కొట్టుకెళ్ళి ఏటి తింటానే?"

నమ్మకం చాలక వేదవతి వీధి చివర మిఠాయి కొట్టుకి వెళ్ళి అడిగింది. "దాదా మొహం చూసి నెల దాటింది బౌదీ," అన్నాడు కొట్టతను, వదినని పిలిచినట్టు.

నాలుగో వారంలో ఇంట్లో వాసన మొదలైంది. కట్టు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పసుపు వాసన తప్ప ఏమీ లేదు. ఎలుక చచ్చిందేమోనని మంచాలు జరిపింది. తూములో ఫినాయిల్ పోసింది. దుప్పట్లన్నీ ఉతికింది. వాసన పోలేదు.

సమీరకి ఫోను చేసి వాసన సంగతీ, జ్వరం సంగతీ చెప్పింది. "జెల్ పాడయిందంటావా?"

"ఫ్రిజ్‌లనే పెడుతున్నరు గద? ఏం కాదు ఆంటీ. ఫొటోల పుండు మస్తు క్లీన్‌గ ఉంది. జ్వరం మాత్రం డాక్టరుకు చూపించుండ్రి."

త్యాగరాజు ససేమిరా అన్నాడు. "ముందెళ్తే ముందే కోసేస్తాడు. అది మూసుకున్నాకే ఎల్దాం."

వేదవతి కూడా ఊరుకుంది. ఆమెకీ అదే భయం.

నలభై రెండో రోజు స్కేలు అవసరం పడలేదు. పుండు ఉన్నచోట లేత చర్మం మెరుస్తోంది. వేదవతి దాని మీద వేలు పెట్టి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సమీర సంతోషం పట్టలేక కెమెరా తీసుకుని తనే వచ్చింది. "కాలు మిగిలింది అంకుల్. రేపు డాక్టరుకు ఎదురుంగ నడిచి చూపియ్యాలె మీరు."

"నడవడవేటి, పరిగెడతాను," అన్నాడు త్యాగరాజు, జ్వరంతో ఎర్రబడిన మొహం విప్పార్చి.

"మా సార్‌కు చూపిస్త. తేడా తెల్వాలె గద, రెండు పాదాలు పక్కపక్కన పెట్టుండ్రి."

వేదవతి నవ్వుతూ ఆయన కుడికాలి ఉన్ని మేజోడు పట్టుకుని లాగింది. అది నల్లబడిన అరికాలి తోలుతో సహా ఆమె చేతిలోకి వచ్చింది, త్యాగరాజు ఇంకా కెమెరా వైపే చూస్తూ నవ్వుతున్నాడు.