చెప్పకూడని మాట

“ఉప్పు వెయ్యలేదు కదా అని అడిగాను. ఊ అన్నావు. అందుకే నేను వేశాను,” అంది విల్మా గరిటె పక్కన పెడుతూ. “తీరా చూస్తే నువ్వు ముందే వేసేశావు. రుచి చూడు, నోట్లో పెట్టుకునేలా లేదు.”

“కాసిని నీళ్లు పొయ్యి, సరిపోతుంది,” అన్నాడు ఆమె భర్త బోహుష్.

“నీళ్లు పోస్తే అది ఆదివారం సూప్ అవదు, గిన్నె కడిగిన నీళ్లవుతాయి. పొద్దున్నుంచీ సన్నసెగ మీద కాచాను.”

“ఏదో ధ్యాసలో ఉన్నాను.”

“బ్రస్సెల్స్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. ఏమడిగినా ఊ. అక్కడ కూడా ఇలాగే ఊ కొట్టి వచ్చావా?”

బోహుష్ చెవులు ఎర్రబడ్డాయి. ఉడికిన బంగాళాదుంపల గిన్నె ముందుకు లాక్కుని తొక్క తీయడం మొదలుపెట్టాడు.

ఊరికంతటికీ ఆ నీటిపంపుల ఫ్యాక్టరీ ఒక్కటే ఆధారం. కంపెనీ జర్మనీది, ఫ్యాక్టరీలు యూరప్ అంతటా ఉన్నాయి. దేన్నైనా మూయాలన్నా, తరలించాలన్నా ముందుగా దేశానికొక ఉద్యోగుల ప్రతినిధిని పిలిచి, సంగతి చెప్పి, అభిప్రాయం వినాలి. అది చట్టం. విన్నదాంట్లో కంపెనీ రహస్యమన్నది బయట పెట్టకూడదు. అదీ చట్టమే.

స్లొవేకియా స్థానానికి కిందటేడు లెక్కల విభాగం నుంచి వియెరా నిలబడింది, యంత్రాల దగ్గర నుంచి బోహుష్ నిలబడ్డాడు. కుర్చీలో కూర్చునేవాళ్లకి మన కష్టమేం తెలుసని కార్మికులు బోహుష్‌ని గెలిపించారు. పైగా ఊరివాళ్ల గుంపుతో ఐర్లాండ్ వెళ్లి, చేపల ఫ్యాక్టరీలో రెండేళ్లు చేసి వచ్చినవాడు. ఇంగ్లీషులో జరిగే సమావేశానికి దుభాషి కూడా అక్కర్లేదని కంపెనీకి తనే చెప్పాడు.

ఫ్యాక్టరీని రొమేనియాకి తరలిస్తారని శీతాకాలం నుంచీ పుకారు. అందుకే అతను బ్రస్సెల్స్ సమావేశం నుంచి తిరిగొచ్చిన రోజున, బట్టలు మార్చుకునే గదిలోనే, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గెజా పట్టుకున్నాడు.

“ఏం తేల్చారు? ఉంచుతారా, ఊడబీకుతారా?”

“చెప్పకూడదు గెజా.”

“చెప్పకూడదా, చెప్పలేవా?”

“చెప్పలేను.”

గెజా అతని ముఖంలోకి చూసి, “అర్థమైందిలే,” అని బీరువా తలుపు మెల్లగా మూశాడు. సాయంత్రానికి అందరూ అతన్ని అడగడం మానేశారు. క్యాంటీన్‌లో పక్కకి జరిగి చోటిచ్చారు. ఓడిపోయిన వియెరా అయితే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “నీ స్థానంలో నేనుంటే ఆ మాట కడుపులో దాచుకోలేకపోయేదాన్ని బోహుష్. నువ్వు గెలవడమే మంచిదైంది,” అంది. అతనికి ఆ చెయ్యి విడిపించుకుని పారిపోవాలనిపించింది.

సూప్ గిన్నె దించి విల్మా బయటికి వెళ్లగానే కూతురు దొరోతా వంటింట్లోకి వచ్చింది. ఆమె, ఆమె భర్త మతూష్ కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తారు. ఊరి చివర పెరడున్న ఇల్లు చూసుకున్నారు. రేపు బ్యాంకులో సంతకాలు. ముప్ఫై ఏళ్ల అప్పు.

“నాన్నా, రహస్యం చెప్పమనను. సంతకం పెట్టమంటావా, వద్దంటావా? అంతే.”

“నన్ను అడక్కమ్మా.”

“నోటితో చెప్పక్కర్లేదు. తల ఊపు చాలు.”

తల ఊపడం అనేసరికి బోహుష్ కళ్లముందు బ్రస్సెల్స్‌లోని ఆ హాలు మెదిలింది. తెర మీద రంగురంగుల గీతలు. డైరెక్టర్ నింపాదిగా మాట్లాడుతున్నాడు. స్పెయిన్ నుంచి వచ్చినావిడ లేచి గట్టిగా వాదించింది. డైరెక్టర్ వరసగా ఒక్కొక్కరి వైపూ చూశాడు. పక్కనున్న డచ్చివాడు తల ఊపాడు. తర్వాత తన వంతు వచ్చింది. తనూ ఊపాడు. కాఫీ దగ్గర ఆ స్పెయిన్ ఆవిడ ఏమీ అనకుండా తన భుజం తట్టి వెళ్లిపోయింది. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

“నాన్నా, ఇటు చూడు.”

అతను చూడలేకపోయాడు. తొక్క తీసిన బంగాళాదుంపకే మళ్లీ కత్తి ఆనించాడు. దొరోతా వరండాలో ఉన్న మతూష్ దగ్గరికి వెళ్లింది. అద్దాల తలుపు అవతల వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం, మతూష్ ఎవరికో ఫోన్ చెయ్యడం కనిపించాయి.

భోజనాల దగ్గర నీళ్లు కలిపిన సూప్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మతూష్ చెంచా పక్కన పెట్టాడు.

“మామయ్యా, ఇల్లు వద్దని అమ్మేవాళ్లకి చెప్పేశాను. రేపు బ్యాంకుకి బదులు మేనేజర్ దగ్గరికెళ్లి ఇద్దరం రాజీనామా ఇస్తాం. గ్రాజ్‌లో మా అన్న పనిచేసేచోట మనుషులు కావాలట. వస్తామని ఇప్పుడే ఫోన్‌లో మాటిచ్చాను. అందరూ రోడ్డున పడ్డాక వెతుక్కుంటే ఏముంటుంది?”

“ఆస్ట్రియాకా?” అంది విల్మా. ఆమె చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

“మీరు నోరు విప్పలేదు,” అన్నాడు మతూష్ బోహుష్‌తో. “కూతురు కాళ్లావేళ్లా పడినా విప్పలేదు. మీ ముఖం చూసి మేమే గ్రహించాం. మీ మీద మాట రాదు.”

విల్మా కళ్లు తుడుచుకుని భర్త భుజం మీద చెయ్యి వేసింది. “ఇంత బరువు మోస్తున్న మనిషిని పట్టుకుని ఉప్పు గురించి సాధించాను,” అంది.

ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు. ఇంట్లో ఇంత గౌరవంగా అతన్నెవరూ ఎన్నడూ చూడలేదు. బోహుష్ రెండు చేతులూ బల్ల మీద పెట్టి, పళ్లెంలోకి చూస్తూ నోరు విప్పాడు.

“వాళ్ల ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.”