మాట్లాడే గుమ్మం

“ఎవరదీ? ఉండండుండండి... వస్తున్నా!”

మగగొంతు ఇల్లంతా ఖంగుమంది. చివర చిన్న దగ్గు. వంటింట్లో పప్పు రుబ్బుతున్న శేషారత్నం చెయ్యి పొత్రం మీదే బిగుసుకుపోయింది. గోడగడియారం వంక చూసింది. రెండూ పది. గురువారం.

మళ్ళీ అదే మాట, అదే దగ్గు. మూడోసారి కూడా మోగాక తలుపవతల సన్నని చప్పుడు వినిపించింది. ఎవరో నవ్వు ఆపుకుంటున్నట్టుంది. కాసేపటికి చెప్పుల చప్పుడు సందు చివరికంటా పోయింది.

ఆ గొంతు ఆవిడ భర్త వెంకట్రామయ్యది. ఆయన పోయి ఏడాదిన్నర.

ఎనభయ్యేడు వేసవిలో తెనాలిలో వాళ్ళ పేటలోనే రెండిళ్ళలో పట్టపగలు దొంగలు పడ్డారు. రెండూ ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళే. శేషారత్నానికి పిల్లల్లేరు. ఇల్లమ్మేసి పొన్నూరు వచ్చెయ్యమని అన్నగారు పోరుతున్నా ఆవిడ కదల్లేదు. అప్పుడే రేడియో రిపేర్ల తోమాసు ఈ ఉపాయం చెప్పాడు.

తోమాసు బుర్ర ఎప్పుడూ రాబోయే కాలంలో తిరుగుతుంటుంది. పాలు పొంగబోతే గంట మోగే మూత చేశాడు. చినుకు పడగానే దండెం మీది బట్టల్ని చూరు కిందికి లాగేసే యంత్రం చేశాడు. అది ఒకసారి పక్కింటావిడ చీర చింపింది కూడా. “ముందు ముందు ఇళ్ళే మాట్లాడతాయక్కా” అంటూ శేషారత్నం ఇంటి గుమ్మం ముందు గోనెపట్టా కింద రెండు రేకుముక్కలు పరిచాడు. అడుగు పడితే రేకులు కలుస్తాయి, లోపల టేపురికార్డరు పలుకుతుంది.

ఆ టేపురికార్డరు కొన్న రోజున వెంకట్రామయ్య దాన్ని పరీక్షిస్తుంటే ఎవరో తలుపు తట్టారు. ఆయన కేకేసిన ఆ ఒక్క ముక్కా కాసెట్లో మిగిలిపోయింది. ఎరువుల కంపెనీ ఉద్యోగం, నెలలో సగం రోజులు రేపల్లె క్యాంపులే. ఇంట్లో మోగిన ఆయన గొంతు తక్కువే. పొద్దున్నే ముగ్గేసి లోపలికొస్తూ శేషారత్నం ఒక్కోసారి కావాలనే ఆ పట్టా తొక్కేది.

ఇప్పుడు మాత్రం పెరటి దారిన బయటపడి, రొప్పుతూ తోమాసు కొట్టుకు వెళ్ళింది.

“మూడుసార్లు తొక్కాడు తోమాసూ! పోయిన గురువారం వచ్చాడు. అంతకు ముందు గురువారమూ వచ్చాడు.”

“తలుపు తట్టాడా అక్కా?”

“లేదు.”

“గడియ కదిపాడా?”

“లేదయ్యా. తొక్కుతాడు, వింటాడు, పోతాడు. ఇవాళ నవ్వాడు కూడాను.”

తోమాసు చేతిలో పని పక్కన పెట్టేశాడు. “కనిపెట్టేశాడక్కా. మనిషైతే వస్తున్నానన్నాక రావాలిగా. ప్రతిసారీ ఒకే మాట, ఒకే దగ్గు. లోపలున్నది యంత్రమని తెలిసిపోయుంటది. ఈసారి వినటానికి రాడు.”

“అయితే?”

“పీకేసి, వేరే ఏదన్నా...”

“వద్దు” అంది శేషారత్నం గబుక్కున. “అది తియ్యొద్దు. వాణ్ణే పట్టుకుందాం.”

తర్వాతి గురువారం మధ్యాహ్నానికే తోమాసు వచ్చి తలుపు వెనక నుంచున్నాడు. చేతిలో ఇనపకడ్డీ. శేషారత్నం పచ్చడిబండ పట్టుకుంది. ఎండకు సందంతా నిద్రపోతోంది. దూరంగా స్టేషన్లో బండి కూసింది.  

రెండూ పది. ఎవరూ రాలేదు. రెండుంబావు.

“ఎవరదీ? ఉండండుండండి...”

వెంకట్రామయ్య మాట పూర్తికాకముందే తోమాసు గడియ లాగి, బయటికి చెయ్యి చాచి దొరికిన మణికట్టు ఒడిసి పట్టాడు. గాజులు చిట్లిన చప్పుడైంది.

పదిహేనేళ్ళ పిల్ల. వెలిసిపోయిన ఓణీ, దుమ్ము కొట్టుకుపోయిన పాదాలు. 

“ఆడపిల్లా!” అన్నాడు తోమాసు. కడ్డీ దించాడుగానీ చెయ్యి వదల్లేదు. “ఎవరు పంపారు నిన్ను? సందులో ఎవరున్నారు?”

“ఎవరూ పంపలేదండి. మా అమ్మక్కూడా తెలీదండి.”

“ఏ ఊరు?”

“రేపల్లండి.”

“రేపల్లె నుంచి రైలెక్కొచ్చి మా గుమ్మం తొక్కుతున్నావా?” శేషారత్నం గొంతు కీచుగా లేచింది. “ఇంట్లో ఆడది ఒక్కతే ఉందో లేదో చూసి రమ్మన్నారా?”

 పిల్ల ఆవిడ భుజం మీదుగా తొంగి చూస్తోంది. నడవా, కుర్చీ, లోపలి గది తలుపు, ఒక్కోదాన్నే వెతుకుతోంది.

“చూశావా అక్కా, ఆనవాళ్ళు పడుతోంది.”

శేషారత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడి పచ్చడిబండ పైకెత్తింది. “మా ఇంట్లో మగమనిషున్నాడే! విన్నావుగా? పిలిచానంటే వచ్చి చమడాలెక్కదీస్తాడు.”

ఆ మాటకు పిల్ల బెదరలేదు. ముఖం ఒక్కసారిగా విప్పారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“విన్నానండి. వచ్చినప్పుడల్లా వస్తున్నా అంటారండి. నించుని నించుని, మీరొచ్చి తిడతారేమోనని భయమేసి ఏడ్చుకుంటా వెళ్ళిపోతున్నానండి.” తోమాసు పట్టు సడలింది. పిల్ల రెండు చేతులూ జోడించింది. “ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కనండి.”

ఎత్తిన బండ ఎత్తినట్టే ఉండిపోయింది.

“ఒక్కసారి మా నాన్నని పిలవండి.”