ఊట కింది బూటు

నర్సు వచ్చేసరికి ముసలాయన తీగకు వేలాడుతున్న టోపీలను నీటిధార కిందికి జరుపుతున్నాడు.

"నెల తిరగ్గానే వచ్చేస్తారమ్మా మీరు. అదిగో, చివరి నుంచి మూడోది. చూసుకోండి."

కొండరాతి అంచు మీంచి ఊటనీరు జారుతోంది. దాని కింద వరసగా టోపీలు, గుడ్డబొమ్మలు, ఓ టీ కెటిల్. వాటి పక్కన పిల్లాడి ఎడమకాలి గుడ్డబూటు. నాలుగు నెలల కింద నర్సు తెచ్చి ఇచ్చినప్పుడు నీలంగా ఉండేది. ఇప్పుడు లేసులతో సహా తెల్లగా, గరుగ్గా రాయి పట్టింది.

ఆ రోజు ముసలాయన ఏమీ అడగలేదు. అంత చిన్న బూటును ఒక్కదాన్నే పట్టుకొచ్చిన మనిషిని ఏమీ అడక్కూడదని ఆయనకు తెలుసు.

చూడ్డానికి వచ్చిన కొత్త దంపతులకు ఆయన చెబుతున్నాడు.

"ఈ నీళ్లు కొండ లోపల సున్నపురాయిని కరిగించుకుని వస్తాయి. బయట గాలి తగలగానే నీళ్లలోని గ్యాసు పోయి, ఆ రాయి మళ్లీ గడ్డకడుతుంది. కాల్సైట్ అంటారు. ఏది అడ్డమొస్తే దానికి పట్టేస్తుంది. మా ఆవిడ నన్నూ ఇక్కడే వేలాడదీస్తానంటోంది, అప్పుడైనా కుదురుగా ఒకచోట ఉంటానని!"

వాళ్లు పగలబడి నవ్వారు. నర్సు బూటునే చూస్తోంది.

ఇక్కడికి తేకముందు ఇంట్లో దాన్ని తువ్వాళ్ల వెనక దాచింది. బీరువా తలుపు మూసినా కళ్ల ముందే ఉండేది. రెండుసార్లు చెత్తబుట్టలో వేసింది. రెండుసార్లూ చెత్తబండి రాకముందే చెప్పుల్లేకుండా పరిగెత్తి తెచ్చుకుంది. పిల్లల వార్డులో ఇక చేయలేనని డ్యూటీ మార్పించుకుంది.

ఇప్పుడు గోటితో తడితే టక్కుమంది. అది ఇక బూటు కాదు, రాయి. ఇన్నాళ్లకు కాస్త ఊపిరాడింది.

అంతలో ముసలాయన ఓ రాతిముక్క మీద వెనిగర్ చుక్క వేశాడు. బుసబుసా పొంగింది.

"చూశారా? పైకి ఇంత గట్టిది, పులుపు తగిలితే మాత్రం తట్టుకోలేదు. కొన్నాళ్లు వెనిగర్‌లో నానేస్తే రాయి పోయి లోపలి వస్తువు బయటపడుతుంది."

నర్సు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎప్పుడైనా బాబు బూటు మళ్లీ చూసుకోవాలనిపిస్తే చెప్పండి తల్లీ. నేనే చేసిస్తా."

ఆమె బూటుకు అడ్డంగా జరిగింది. "వద్దు. ఎప్పటికీ వద్దు."

"సరేనమ్మా, సరే. నాకూ ఓ పిల్ల పోయింది. నాకు తెలుసు."

ఆయన కళ్లలోకి చూడలేక తల దించుకుంది. కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. పడలేదు.

ముసలాయన జేబులోంచి చిన్న రేకుబిళ్ల, మేకు తీశాడు. "పేరు గీసి కడతాను. బాబు పేరు చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. దంపతులు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"పర్లేదమ్మా. మా పిల్ల పేరు పలకడానికి నాకు ఏడాది పట్టింది" అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆమెకు ఆ పేరే తెలియదు. ఆ వాన సాయంత్రం కారుకు ఏదో తగిలినా ఆపకుండా ఇంటికొచ్చాక, ముందు చక్రం పక్కన ఇరుక్కుని దొరికిన ఆ బూటు తప్ప ఆ పిల్లాడి గురించి ఆమెకేమీ తెలియదు.