దుబాసీ వైపు చూడకూడదు

కోర్టు వరండాలో మాస్టారు చెమట తుడుచుకుంటున్నారు. ఫ్యాను నెత్తిమీదే తిరుగుతోంది, అయినా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

లోపల బోనులో ప్రెస్సు గోదాము కాపలా ముసలాడు ఉన్నాడు. ప్రొఫెసరు గారిని ఇనుప కడ్డీతో కొట్టి చంపాడని కేసు. గోదాములో శవం పక్కనే దొరికాడు. అతనికి కొండభాష తప్ప ఇంకో ముక్క రాదు. ఊళ్లో ఆ భాష చదువుకున్నవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు మాస్టారు. రెండోవారు ఆ పోయిన ప్రొఫెసరే. అందుకే అతని మాటలు తెలుగులో చెప్పే దుబాసీగా, కోర్టు కబురు పెట్టేలోపే మాస్టారు తనంతట తాను వచ్చారు.

ముసలాడి తరఫు లాయరు మాస్టారి పాత శిష్యురాలు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మాస్టారూ, పోయినాయన మీ ప్రాణస్నేహితులు. చంపాడంటున్న మనిషికి మీరే నోరవ్వాలి. మీవల్ల అవుతుందా?"

"స్నేహమేమిటమ్మా, జన్మంతా కొట్టుకు చచ్చాం," అన్నారు మాస్టారు నవ్వబోయి. "మూలంలో ఉన్న ప్రతి మాటా తెలుగులోకి దిగాలంటాడు వాడు. మాట కాదురా, భావం దిగాలంటాను నేను. ఇద్దరం కలిసి చేసిన పుస్తకం ఆ ప్రెస్సులోనే అచ్చుకెళ్లినా ఆ తగువు మాత్రం తెగలేదు."

"క్లాసులో మూడోది కూడా చెప్పేవారు కదండీ. అనువాదం ఎవరికోసం, ఏ పనికోసం అన్నది ముందు చూసుకోవాలని."

"అదేనమ్మా అసలు సిద్ధాంతం. మిగతావన్నీ దాని తర్వాతే."

"ముసలాయనకి మీరు తప్ప దిక్కు లేదు మాస్టారూ. మాట కాస్త అటూ ఇటూ అయితే ఉరే."

మాస్టారు తలూపి లోపలికి నడిచారు.

జడ్జిగారు నియమం చెప్పారు. ముద్దాయి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనే అనాలి. సొంత మాట ఒక్కటీ కలపకూడదు. మాస్టారికి ఇది కొత్తేం కాదు. అనువాదకుడు కిటికీ అద్దంలాంటివాడు, ఉన్నట్టే తెలియకూడదు అని ఏటేటా క్లాసులో బల్ల గుద్ది చెప్పిన మనిషాయన.

మాస్టారిని చూడగానే ముసలాడు నోరు తెరిచాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. వేలు మాస్టారి వైపు చాపి గడగడా చెప్పుకుపోతున్నాడు.

"దుబాసీ వైపు చూడొద్దనండి," అన్నారు జడ్జిగారు విసుగ్గా. "నన్ను చూసి చెప్పమనండి."

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే అది. తన భాష తెలిసిన ముఖం కనబడితే కళ్లు అటే పోతాయి. పాపం అన్నట్టు గుమాస్తా కూడా నవ్వాడు. మాస్టారు కొండభాషలో ఏదో గొణిగారు. ముసలాడు తల అడ్డంగా ఊపి మళ్లీ ఆయన వైపే వేలు చాపాడు, ఈసారి ఏడుస్తూ.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నేనే కొట్టాను," అన్నారు. "కోపంలో కొట్టాను. చచ్చిపోతాడనుకోలేదు."

స్నేహితుడి చావుని తన నోటితో చెప్పాల్సి వచ్చింది కదా అని శిష్యురాలికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అంతసేపు మాట్లాడాడు, ఇంతేనా?" అన్నారు జడ్జిగారు.

"భావం ఇంతేనండి."

జడ్జిగారు రాసుకున్నారు. కానిస్టేబుళ్లు ముసలాణ్ణి రెక్కలు పట్టుకుని నడిపించారు. గుమ్మం దాటేదాకా మెడ వెనక్కి తిప్పి అదే ముక్క అంటూ వెళ్లాడు.

భావం సంగతి పక్కనపెట్టి మాటకు మాట దించితే ఆ ముక్క ఇది: "సారు పడిపోయాక, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నాకు కనబడింది ఈయనే."